సలాలాలో మా ఆయన నవ్వు

ఒమాన్ అనగానే మనవాళ్లకి ఇసుకా, ఒంటే గుర్తొస్తాయి. సోహార్‌లో కాపురం పెట్టిన కొత్తలో నేనూ అంతే అనుకున్నాను. ఆ దేశం దక్షిణపు కొసన సలాలా అని ఒక పాత పట్నం ఉందనీ, సోహార్‌లో రోళ్లు పగిలేలా ఎండ కాసే రోజుల్లో అక్కడ చినుకులు పడతాయనీ, కొబ్బరితోటల్లో బురద తొక్కుకుంటూ నడవాలనీ ఎవరో చెబితే నవ్వేశాను. తొంభైల నడిమి కాలంలో ఒక ఆగస్టులో వెళ్లొచ్చాక గానీ నమ్మలేదు. వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఊరి సంగతులు కావలసినవాళ్లకి ఊరి సంగతులూ ఉంటాయి. కానీ ముందే చెప్పేస్తున్నాను, ఆ ఊళ్లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసింది మా ఆయన్నే. అదీ ఇంకో ఆడమనిషి పక్కన నడుస్తూ, విరగబడి నవ్వుతూ ఉండగా. అందుచేత ఈ రాతలో అసూయ పాలు కాస్త ఎక్కువే.

మా ఆయన పేరు రామ్మోహన్. వాళ్ల తాతగారు కృష్ణా జిల్లా నుంచి నిజాంసాగర్ కాలవ కింద పొలాలు కొనుక్కుని బోధన్ దగ్గర వర్నికి వెళ్లి స్థిరపడ్డారు. నేను తణుకు పిల్లని. సోహార్ దగ్గర ఒక కంపెనీలో ఆయన మెకానికల్ ఫోర్‌మన్. డ్యూటీ నుంచి వస్తే ఆయన నోట మూడే మాటలు: అన్నం, మంచినీళ్లు, రేపు నైట్ షిఫ్టు. కోపం లేదు, తాగుడు లేదు, జీతం తెచ్చి నా చేతిలో పెడతారు. మనిషి తత్వమే అంత, కొందరు మాటలు దాచుకుని పుడతారు అని నేనే సర్దుకున్నాను.

ఎడారి నడుమ టీ

మస్కట్‌లో రూవీ నుంచి తెల్లవారే వేళకి బస్సు కదిలింది. కొండలు దాటాక ఇంకేమీ లేదు. నేల, ఆకాశం, వాటి మధ్య ఒక తారురోడ్డు. మన రోడ్ల మీద అయితే ఊరు దాటేలోపు ఇంకో ఊరొస్తుంది, వేరుసెనక్కాయలమ్మే మనిషైనా కిటికీ దగ్గరికొస్తాడు. ఇక్కడ గంటలకొద్దీ ఒక్క మనిషి కనబడడు.

హైమా అనే చోట బస్సు ఆపారు. పెట్రోలు బంకు, మసీదు, ఒక మలయాళీ హోటలు. పరోటా, గుడ్డు కూర, పాలపొడి టీ కలిపి అర రియాలు. ఆడవాళ్ల గదిలో నా పక్కన ఒక సూడాన్ ఆవిడ కూర్చుంది. వాళ్లాయన సలాలాలో బడిపంతులట. ఆవిడకి అరబ్బీ తప్ప రాదు, నాకు అరబ్బీలో లెక్కలూ, "ఎంత" అనే మాటా తప్ప రావు. అయినా తన సంచిలోంచి ఉప్పు అద్దిన ఉడకబెట్టిన గుడ్లు తీసి నాకు పెట్టింది, నా జడ చేత్తో పట్టుకుని పొడుగు చూసి ఆశ్చర్యపోయింది, పిల్లలెందరని వేళ్లతో అడిగింది. ఒకతే అన్నాను, సెలవులకి తణుకులో అమ్మమ్మ దగ్గరుందని చేతులతోనే చెప్పాను. ఆవిడ అర్థం చేసుకుని నా బుగ్గ నిమిరింది. ఆ కాస్త సేపట్లోనే పరాయి ఆడదానితో ఇంత మాట్లాడాను కదా, బస్సెక్కాక మా ఆయనతో ఏం మాట్లాడానని లెక్క చూసుకుంటే, "కిటికీ తెర వెయ్యనా?" "వెయ్యి."

కొండ దిగగానే

తుమ్రైత్ దాటేదాకా అదే ఎడారి. తరవాత కొండ ఎక్కాం. ఎక్కేటప్పుడు అటు మొత్తం మట్టిరంగు. శిఖరం దాటి బస్సు ఇటు వంగిందో లేదో, పొగమంచు. మంచు విడిన చోట పచ్చిక. ఆవులు! ఒంటెలు కాదు, మన ఆవుల్లాంటి పొట్టి ఆవులు రోడ్డుకి అడ్డంగా నిలబడి నెమరు వేస్తున్నాయి. బస్సు అద్దం మీద చినుకులు జారుతుంటే అందరం వేళ్లతో తాకి చూశాం, లోపలినుంచి తాకితే తడి తగలదని తెలిసినా.

అసూయ నాకు అక్కడే మొదలైందేమో. మా సోహార్‌లో అదే రోజున మేడ మెట్ల ఇనప కడ్డీ ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఒకే దేశం, ఒకే రాజు, ఒకే రియాలు. వీళ్లకి మాత్రం వాన! ఊళ్లోకి వచ్చాక రోడ్డు పక్కన తాటాకు పందిళ్ల కింద కొబ్బరిబోండాలు, అరటిగెలలు, బొప్పాయిలు. బోండాం రెండువందల బైసాలు, అంటే రియాల్లో అయిదో వంతు. కొట్టిచ్చిన బంగ్లాదేశ్ అతను లేత మీగడ గీరుకోవడానికి బోండాం పెచ్చుతోనే చెంచా చెక్కి ఇచ్చాడు, అచ్చం మన గోదావరి జిల్లాల్లోలాగే. నిలబడి తింటుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన చూసి, "జలుబు చేస్తుంది, నీడలోకి రా," అన్నారు.

తోకగౌను ఆవిడ

మేం దిగిన చిన్న హోటలు మలయాళీ ఆయనే ఒక సలహా చెప్పాడు. పాత ఊరు టాక్సీలో చూస్తే కనబడదు, నడిచి చూడాలి, నడిపించి చూపించే ఒకావిడ ఉంది, హిందీ బాగా మాట్లాడుతుంది, కంపెనీల ఆఫీసర్ల భార్యలు ఆవిడతోనే తిరుగుతారు అని. ఒక షరతు మాత్రం ఉందిట. వెంట ఆడవాళ్లు లేకపోతే ఆవిడ మగవాళ్లతో రాదు.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చింది. జుబేదా. నలభై దాటి ఉంటాయి. కాటుక పెట్టిన పెద్ద కళ్లు, నల్ల ముసుగు, ముదురాకుపచ్చ ముఖమల్ గౌను. ఆ ఊరి ఆడవాళ్ల గౌను ముందువైపు పిక్కల దాకా ఉంటుంది, వెనకవైపు మాత్రం నేల మీద జీరాడుతూ తోకలా వస్తుంది. నడుస్తుంటే వెనక ఇసుక మీద చీపురు పెట్టినట్టు ఉంటుంది. అందంగా ఉందని ఒప్పుకోక తప్పదు.

హఫ్ఫా అనే సముద్రపు ఒడ్డు పేటతో మొదలుపెట్టింది. సుద్దరాయి ఇళ్లు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, వాటి మధ్య చెక్కడపు పని చేసిన చెక్క కిటికీలు. ఆ కిటికీల జాలీ వెనక నుంచి ఆడవాళ్లు వీధి చూసేవాళ్లట, వీధికి వాళ్లు కనబడకుండా. సాంబ్రాణి బజారుకి తీసుకెళ్లింది. లుబాన్ అంటారు వాళ్లు. మన సాంబ్రాణి అంత ఘాటు కాదు, నిప్పు మీద వేస్తే నిమ్మతొక్క వాసన కలిసిన పొగ. అమ్మేది అంతా ఆడవాళ్లే. పచ్చటి లేత ముక్కలు ఖరీదు, ఎర్రమట్టి రంగువి చవక. మంచి రకం చిన్న సంచి ఒక రియాలు చెప్పారు. నేను బేరం మొదలుపెట్టగానే జుబేదా నా చెయ్యి పట్టుకుని, "నక్కో, నక్కో," అంది, వద్దు వద్దన్నట్టు.

ఆ ఒక్క మాటకి మా ఆయన తల గిరుక్కున తిరిగింది.

"మీది హైదరాబాదా?" హిందీలో అడిగారు.

"నై జీ. నిజామాబాద్. ఖిల్లా కే బాజూ."

"అరే! హమ్ బోధన్ కే!"

అంతే. నా మొగుడు నాకు తెలియని మనిషైపోయాడు.

వాళ్లిద్దరూ మాట్లాడింది టీవీలో వచ్చే హిందీ కాదు. మా పెళ్లప్పుడు వర్నిలో పాలేళ్లతోనూ, బోధన్ నుంచి వచ్చిన స్నేహితులతోనూ ఆయన మాట్లాడిన దక్కనీ ఉర్దూ. "హౌ", "నక్కో", "కైకూ" అంటూ చేతులు తిప్పుకుంటూ. నాకు నాలుగు మాటల్లో ఒకటి అందేది. అందినంతలోనే తెలిసిన సంగతులు చూడండి. ఈయన బోధన్‌లో చదువుకునేటప్పుడు దర్గా ఉర్సులో కవ్వాలీలు పాడేవారట. పాటలు! నా ఇంట్లో కూనిరాగం తీయగా ఎన్నడూ వినలేదు. చెరుకు ఫ్యాక్టరీ రైలు వెనక పరిగెత్తి చెరుగ్గడలు లాగుతూ పడి భుజం విరగ్గొట్టుకున్నారట. ఆ భుజానికి చలికాలంలో నూనె రాసేది నేను. క్రికెట్టు ఆడి పడ్డానని చెప్పారు నాకు.

నేను వెనక నడుస్తున్నాను. ముందు వాళ్లు, వాళ్ల వెనక ఆ గౌను తోక, దాని వెనక నేను. ఆడవాళ్లు లేకపోతే రాదు కదా ఆవిడ, కాబట్టి ఈ నడకకి నేనే టికెట్టునని తట్టింది. ఒళ్లు మండింది. ఎలాగూ ఆవిడకి అర్థం కాదని తెలుగులో మా ఆయనతో, "ఆ తోక ఎవరైనా తొక్కి బోర్లా పడితే బావుణ్ణు," అన్నాను.

మా ఆయన మొహం కందగడ్డయింది. "విజయా!" అన్నారు పళ్లబిగువున. జుబేదా ఏమీ ఎరగనట్టు తోక ఎత్తి మోచేతి మీద వేసుకుంది.

నేను ఊరుకుంటానా! ఆ రోజంతా నా నోరు మూతపడలేదు. ఊరంతా తన పుట్టింటివారు కట్టించినట్టు చెబుతోందన్నాను. ఆ కాటుక డబ్బా ఇంటికెళ్లాక కడిగితే ఒక చెరువు నల్లబడుతుందన్నాను. ఒక్కో మాటకీ మా ఆయన నా వైపు దణ్ణం పెట్టేలా చూశారు.

తెర

రెండో రోజు బలీద్ తీసుకెళ్లింది. సముద్రం ఒడ్డున కూలిపోయిన పాత పట్నం. మసీదు స్తంభాలు మోకాలెత్తున మొండేలై వరసగా నిలబడి ఉన్నాయి, వాటి పక్కన కాలవలో రెల్లు, కొంగలు. ఇక్కణ్ణుంచే సాంబ్రాణీ, గుర్రాలూ ఓడలెక్కి మన దేశానికి వచ్చేవట. అరబ్బు గుర్రాల కథలు మనం చిన్నప్పుడు విన్నవే. అవి ఓడ ఎక్కిన రేవు మీద నిలబడ్డానంటే ఒళ్లు జలదరించాలి. నాకు జలదరించలేదు. మా ఆయన ఒక స్తంభపు మొండెం మీద కూర్చుని ఏదో చెబుతుంటే, ఆవిడ నోటికి ముసుగు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మధ్యాహ్నం ఒక యెమెనీ హోటలుకెళ్లాం. వేడి రాళ్ల మీద కాల్చిన మాంసం, పెద్ద పళ్లెం నిండా అన్నం, దుప్పటంత రొట్టె. ఇద్దరికి చాలుతుంది, రియాలున్నర. పరాయి మగవాడి ముందు ఆవిడ కూర్చుని తినదు కాబట్టి నేనూ ఆవిడా తెర లోపల, ఆయన బయట. హమ్మయ్య, ఇప్పుడైనా నోళ్లు మూతపడతాయనుకున్నాను. తెరకి అటునుంచి ఆయన, ఇటునుంచి ఆవిడ, మధ్యలో నేను. మాటలు నా నెత్తిమీదుగా పోతున్నాయి. తెర వాళ్ల మధ్య వేసినట్టు లేదు, నాకూ ఆయనకీ మధ్య వేసినట్టుంది.

భోంచేసి కొబ్బరితోటల మధ్య సందులోంచి వస్తున్నాం. సన్న తుంపర. ఉన్నట్టుండి ఇద్దరూ ఆగిపోయి నవ్వారు. మా ఆయన నవ్వు నవ్వు కాదు, గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ. పెళ్లై తొమ్మిదేళ్లు. ఆ నవ్వు నేను ఎరగను.

"ఏంటండీ?" అన్నాను.

"నీకర్థం కాదులే," అన్నారు, ఇంకా నవ్వుతూనే.

నేను వెనక్కి తిరిగి పక్క సందులోకి నడిచాను. ఎటు వెళుతున్నానో చూసుకోలేదు. కుడికి తిరిగాను, ఎడమకి తిరిగాను, అన్నీ ఒకేలాంటి రాతిగోడలు, గోడల మీంచి వంగిన అరటాకులు. వెనక ఆయన పిలుపు ఒకసారి వినబడింది, పలకలేదు. ఇంకో మలుపులో నాచు పట్టిన రాయి మీద కాలు వేశాను. చెప్పు పట్టీ తెగింది, నేను తోటకి నీళ్లుపోయే కాలవలో కూలబడ్డాను. తణుకు నుంచి తెచ్చుకున్న గంజి చీర నడుం దాకా బురద. లేవబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ముందు నన్ను కనిపెట్టింది జుబేదానే. మా ఆయన వేరే సందులో వెతుకుతున్నారు. ఆవిడ ఎదురుగా నిలబడగానే నా విరిగిన హిందీలో ఏదో అరవబోయాను.

ఆవిడ వంగి చెయ్యి చాచింది.

"లే చెల్లె. బురద ఆరిందంటె మరక పోదు."

నా చెవులను నేను నమ్మలేదు. "మీకు... తెలుగొచ్చా?"

"నిజామాబాద్ల పుట్టినదాన్ని, తెలుగు రాకుంటె కూరగాయలెట్ల కొంటమమ్మా?"

"మరి నిన్నట్నుంచీ నేనన్నవన్నీ..."

"అన్ని ఇన్న. నా తోక, నా సుర్మా, నా పుట్టిల్లు."

సిగ్గుతో చచ్చిపోయాను. "చెప్పొచ్చు కదండీ! మా వారికి తెలుసా?"

"ఆయన మొఖం సూడలే నువ్వు? పొయ్యిల వెట్టిన ఇనుము లెక్క అయితుండె." నన్ను లేవదీసి, బురద చేతులు తన ముఖమల్ గౌనుకే తుడిచింది. "చెప్తె నువ్వు తిట్టుడు బంద్ వెడ్తవని చెప్పలే. తెలుగుల తిట్టు ఇని ఎన్నేండ్లాయె చెల్లె! మంచిగనిపిచ్చింది."

సల్మా ఇల్లు

జుబేదా వాళ్లిల్లు ఆ తోట వెనకే. మా ఆయన్ని కేకేసి పిలిచి, వీధి గదిలో పొరుగింటి ముసలాయనతో కూర్చోబెట్టి, నన్ను లోపలికి తీసుకెళ్లింది. నా చీర ఉతకడానికి తీసుకుని, కట్టుకోడానికి ఒక ఊదారంగు తోకగౌను ఇచ్చింది. అది వేసుకుని రెండడుగులు వెయ్యబోయి నా తోక నేనే తొక్కుకుని గోడ పట్టుకున్నాను. వాకిట్లో కూర్చుని ఉన్న ఒక ముసలమ్మ పళ్లులేని నోటితో పకపకా నవ్వింది.

"ఈమె సల్మా. నా సవతి," అంది జుబేదా, "నా అక్క" అన్నంత మామూలుగా.

సల్మా యాలకుల వాసన వేసే చేదు కాఫీ చిన్న గిన్నెలో పోసి ఇచ్చింది. ఖర్జూరాలు, అప్పడమంత పల్చటి రొట్టె, కొండతేనె. గిన్నె ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ పోసేస్తోంది. చాలు అనాలంటే గిన్నె పట్టుకుని అటూ ఇటూ ఊపాలట. మన ఇళ్లలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ సంగతి తెలిసేలోపు నాలుగు తాగాను.

జుబేదా చెప్పింది. పదిహేడేళ్లప్పుడు, నిజామాబాద్‌కి అత్తర్లు కొనడానికి వచ్చిన ఈ ఊరి వర్తకుడికి ఇచ్చి పెళ్లి చేశారు. ఇక్కడ గడపలో అడుగుపెట్టాకే తెలిసింది, లోపల ఇంకో భార్య ఉందని.

"ఏండ్లకేండ్లు నాతోని ఒక్క మాట మాట్లాడలే ఈమె. నేను ఉర్దూల తిట్టేది, ఈమె కొండోళ్ల భాషల తిట్టేది. ఒకరిది ఒకరికి సమజ్ గాదు. నేను వండిన కూరల ఈమె ఉప్పు వోసేది, ఈమె ఎండవెట్టిన చాపల మీదికి నేను పిల్లుల తోలేది."

తరవాత ఆ వర్తకుడు పోయాడు. దినాలయ్యాక అతని తమ్ముళ్లు వచ్చి జుబేదాని ఇండియా పంపేస్తామన్నారు. అప్పటికి అక్కడ అమ్మా నాన్నా ఎవరూ లేరు. మూట కట్టుకుని కూర్చుందిట. సల్మా లేచి వెళ్లి వీధి తలుపుకి అడ్డంగా నిలబడి, ఇది నా ఇల్లు, ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది, పంపాలంటే ఇద్దర్నీ పంపండి అందిట.

"ఎందుకట్లా?" అన్నాను.

"నేనూ గదే అడిగిన. ఏమన్నదో ఎరికేనా? ఆయన గురక ఎట్లుంటదో ఈ లోకంల నీకూ నాకే తెల్సు. నువ్వు పోతె ఆయన గురించి నేనెవరితోని మాట్లాడాలె అన్నది."

అప్పట్నుంచి సాయంత్రాలు సల్మా జుబేదాని వెంటబెట్టుకుని సందు సందూ తిప్పిందిట. ఇది మా మేనత్త ఇల్లు, ఈ బావి ఫలానావాళ్లు తవ్వించారు, ఈ కిటికీలోంచి నన్ను పెళ్లికూతురిగా చూపించారు అంటూ. ముసలామె మోకాళ్లు పట్టేశాక, ఆ నడకే జుబేదాకి బతుకుతెరువైంది.

నేను ఉండబట్టలేక అడిగాను, "ఇప్పుడు ఆవిడకి మీ మీద అసూయ పోయిందా?"

జుబేదా ఆ ప్రశ్నని అరబ్బీలో సల్మాకి చేరేసింది. ముసలమ్మ నా మొహం పరీక్షగా చూసి, ఏదో అని, నా గిన్నెలో మళ్లీ కాఫీ పోసింది.

"యేడికి వోతది, మాతోపాటే ముసల్దైంది అంటున్నది."

గిన్నె కింద పెట్టి నేను అసలు సంగతికొచ్చాను. "తోట దగ్గర ఏం చెప్పి అంత నవ్వారు ఆయన?"

"నీ గురించే చెల్లె. సోహార్ బజార్ల నువ్వు చాపలాయనతోని తెలుగుల బేరం చేసినవంట. ఆయనకు తెలుగు రాదు, నీకు అరబ్బీ రాదు. గంటసేపు కొట్లాడి సగం ధరకు వంజరం తెచ్చినవంట. చాపలాయన ఇప్పుడు నిన్ను జూస్తె దుకాణం మూసుకుంటడంట. గంత షాన్‌గ చెప్పిండు రామ్ భయ్యా, పెండ్లాం అంటె గట్లుండాలె అని."

సంతోషించాలి కదా నేను. సంతోషించాను కూడా. కానీ వెంటనే ఇంకో మంట రేగింది. నా కథ! నా గురించిన గొప్ప! అది కూడా నా చెవిన పడకుండా ఈవిడ చెవిన పడిందే అని. ఆ మాట పైకే అన్నాను. ఈసారి మా ముగ్గురికీ తెలిసేలా, చేతులు తిప్పుతూ. ముసలమ్మ తల ఊపింది, ఇది నాకు తెలిసిన జబ్బే అన్నట్టు.

తడి చీర సంచిలో పెట్టుకుని, ఆ ఊదారంగు గౌనుతోనే బయటికొచ్చాను. దాన్ని ఉంచుకోమంది సల్మా. వీధి గదిలోంచి మా ఆయన లేచి నన్ను పైనుంచి కిందికి చూశారు. "కాలికి దెబ్బ తగిలిందా?" అన్నారు. అని నా తోక తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచారు. హోటలు దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

తిరుగు బస్సు

మర్నాడు ఉదయం బస్సు దగ్గరికి జుబేదా వచ్చి అరటిపళ్లు, లుబాన్ సంచీ ఇచ్చింది. మా ఆయనతో దక్కనీలో రెండు ముక్కలంది. ఆయన నవ్వారు. నేను చూస్తున్నానని గ్రహించి నా వైపు తిరిగి, "ఇంటికెళ్లాక పాట పాడి వినిపించమంటోంది నీకు," అన్నారు. అడక్కుండా చెప్పడం అదే మొదటిసారి.

"నువ్వు తిట్టుకుంట ఉత్తరం రాయి చెల్లె," అంది నాతో. "మంచి తిట్లు."

కొండ మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు బస్సు కనబడలేదు. శిఖరం దాటగానే చప్పున ఎండ. కళ్లు మూసుకోవలసి వచ్చింది. వెనక్కి చూస్తే తెల్లటి దూది తప్ప ఊరు లేదు. ఆ వాన, ఆ కొబ్బరితోటలు, నా మొగుడి నవ్వు, అన్నీ అటే ఉండిపోతాయేమోనని నాకు భయం వేసింది.

"ఏదైనా చెప్పండి," అన్నాను.

"ఏం చెప్పను?"

"మీ చిన్నప్పటిది. ఆవిడకి చెప్పనిది."

ఎండ పడకుండా కిటికీ తెర వేశారు. తరవాత మొదలుపెట్టారు. జాఫర్ అని ఈయన స్నేహితుడు, ఇద్దరూ కలిసి అద్దె సైకిలు, బ్రేకులు లేవు, బోధన్‌లో ఏదో పెళ్లి పందిరి. మధ్యలో ఆగిపోయారు.

"తెలుగులో చప్పగా ఉందే. అక్కడ జాఫర్ అన్న మాట తెలుగులో లేదు."

"అందులోనే చెప్పండి."

"నీకర్థం..." అనబోయి ఆగారు. నా మొహం చూశారు. గొంతు సవరించుకుని, సీట్లో ఒక పక్కకి తిరిగి, మళ్లీ మొదటినుంచి అందులోనే అందుకున్నారు. చేతులు లేచాయి. గొంతు మారింది. పెళ్లి పెద్ద గొంతు, జాఫర్ గొంతు, సైకిలు గంట, అన్నీ ఆయనే. ముందు సీట్లో ఎవరో హైదరాబాదీ కుర్రాళ్లు వెనక్కి తిరిగి వినసాగారు. నాకు సగం తెలుస్తోంది, సగం తెలియడం లేదు. సైకిలు పందిట్లోకి దూరిందని మాత్రం తెలిసింది. నేను గట్టిగా నవ్వాను.

ఆయన ఆగి నన్ను చూశారు.

"నవ్వే చోటు ఇంకా రాలేదే."

"రానివ్వండి. మళ్లీ నవ్వుతాను."